మా పెరటి పాలివారు

మా యింటి వెనుక రెండు గుంటల నేల కలదు. గుంట యనగా ఎకరములో నలువదవ పాలని ఆంధ్రదేశమునందలి బంధువులకు ప్రతిసారియు విప్పి చెప్పవలసి వచ్చుచుండును. వారు సెంట్లలో లెక్కింతురు. అయిదు సెంట్లనుకొందుము. ఆ నేలలో మేము కూరగాయలు పండింప నారంభించి పదునాలుగేండ్లయినది. పండినదంతయు మాదేయని చాలకాలము నమ్మియుంటిమి. మా తల్లిగారు మాత్రము తొలి యేటినుండియు పెరటికి వచ్చిపోవు పిట్టలను, ఉడుతలను "పాలివాళ్లు" అని పిలుచుచుండిరి. పాలివారనగా దాయాదులు, ఆస్తిలో హక్కు గలవారు, అడుగకయే వచ్చి పంచుకొని పోవువారు. ఆ మాటను మేము పరిహాసముగా దీసికొంటిమి. అది పరిహాసము కాదని తెలియుటకు ఒక ప్రాణి మరణము కావలసివచ్చెను.

మా తాలూకాను చూడనివారి కొరకు రెండు మాటలు. పావగడ తుమకూరు జిల్లాలోనిది. కాని జిల్లా కేంద్రమునకు తిన్నగా పోవలెనన్న నడుమ ఆంధ్రప్రదేశపు నేలను దాటవలసినదే. మడకశిర, హిందూపురము, పెనుకొండ మాకు ఇరుగుపొరుగులు. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్వ్యవస్థ జరిగినపుడు మేము మైసూరు రాష్ట్రముననే నిలిచితిమి. ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమైనది. ఇంట తెలుగు, బడిలో కన్నడము, సంతలో రెండును. నేల యెర్రని గరుసు. పలుగు దింపిన అడుగుననే రాయి పలుకును. ఉత్తర పినాకిని యున్నదన్న పేరేగాని, ఏటిలో నీటికంటె ఇసుక కనబడు దినములే హెచ్చు. వేరుసెనగ, అనగా మా వాడుకలో చెనిక్కాయ, తప్ప వేరు పంటకు ధైర్యము చేయువారు తక్కువ. ఇటీవల కొన్ని గ్రామములవారు ఎండనే పంటవలె విక్రయించుచున్నారు. తిరుమణి, వళ్లూరు ప్రాంతములలో రైతులు కౌలునకిచ్చిన సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము 2019 నాటికి పూర్తియైనది. అట్టి యెండలో తోటకూర మొలిపింపబూనుట వెఱ్ఱియని పొరుగువారనిరి. వారి మాటలో అబద్ధము లేదు.

మొదటి చిక్కు నీరు. మా ప్రాంతపు బోరు నీటిలో ఫ్లోరైడు అధికము. లీటరునకు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేరు గతి లేనిచో 1.5 వఱకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము. అంతకు మించిన నీరు ఏండ్ల తరబడి త్రాగి పండ్లు గారపట్టినవారిని, నడుము బిగిసినవారిని మా యూళ్లలో చూడనివారుండరు. అందుచేత త్రాగుటకు శుద్ధజల ఘటకమునుండి డబ్బాలతో తెచ్చుకొందుము. తక్కిన వాడుకకు బోరు. ఒకప్పుడు ఇంటిలో కూడ శుద్ధియంత్రమును పెట్టించితిమి. అది ఒక బిందె మంచినీరిచ్చి రెండు బిందెల వ్యర్థజలమును వెలికి గ్రక్కును. పారబోయ మనసొప్పక ఆ నీటిని పాలకూర మడికి కట్టితిమి. పది దినములలో ఆకుల అంచులు నిప్పు సోకినట్లు మాడినవి. యంత్రము వడకట్టిన ఉప్పంతయు ఆ నీటిలోనే చేరునన్న చిన్న సంగతి మాకప్పుడు తట్టలేదు. ఇప్పుడు ఆ నీరు వాకిలి కడుగుటకు మాత్రమే. బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు ఆకుకూరలకు. స్నానపు నీరు కాలువ గుండ అరటికి, బొప్పాయికి. దినమునకు పదునెనిమిది బిందెలలో తోటను గడపవలెనని లెక్క. ఆ లెక్కను కాపాడువారు మా తల్లిగారు. బిందె తొణికినను వారికి తెలియును.

నీటి తరువాత మన్ను. వేసవిలో పూడిక తీసిన చెరువునుండి రెండు ట్రాక్టరుల వండ్రుమన్ను తోలించితిమి. గొర్రెల మందను ఒక్క రాత్రి మా పెరటిలో పడుకొనబెట్టుమని కోరగా కాపరి మొదట నవ్వి, పిమ్మట ఒప్పుకొనెను. అంత చిన్న చోట మంద నిలుపుట అతని జీవితమున అదే ప్రథమమట. తేమ నిలుచుటకై నూనెమిల్లు వద్దనుండి చెనిక్కాయ పొట్టును బస్తాలతో తెచ్చి పాదులలో జానెడు మందమున పరచితిమి. మా సీమలో ఇంత చవుకగా దొరకి ఇంతగా తేమను కాచు వస్తువు వేరొకటి లేదు. అయితే పొట్టుతో చెదలు వచ్చినవి. వానిని చూచి మేము దిగులుపడుచుండగా, మఱునాటి యుదయమున ఏడెనిమిది మట్టిరంగు పిట్టలు జట్టుగా దిగి, ఒకదానితో నొకటి తగవులాడుకొనుచు, పొట్టును చిమ్మి చెదలను ఏరి తినసాగినవి. వాని వెనుక తలపై విసనకఱ్ఱవంటి కుచ్చుగల పిట్ట యొకటి వచ్చి పొడవైన ముక్కుతో నేలను గ్రుచ్చి గ్రుచ్చి చూచెను. పిలువని పనివారు, కూలి అడుగనివారు. మా తల్లిగారు వంటయింటి కిటికీనుండి చూచి, "చూడప్పా, పాలివాళ్లొచ్చినారు" అనిరి. ఆ మాట పుట్టినది అప్పుడే.

వచ్చినవారి పేర్లు తెలిసికొనుట పిల్లలకొక వేడుకయైనది. మా మనుమడు బడిలో నేర్చిన కన్నడపు పేర్లు తెచ్చును. పెద్దవ్వ తెలుగు పేర్లు చెప్పును. నల్లని కొప్పుతో, తోక క్రింద ఎర్రని మచ్చతో జామచెట్టుపై కూర్చుండు పిట్టను అతడు "పికళార" యనగా ఆమె "పికిలిపిట్ట" యనెను. ఒకరి మాటను ఒకరు వెక్కిరించుచున్నారని తలంచి ఇద్దరును కొంతసేపు కలహించిరి. పాలపిట్ట యెడల వేరు తగవు. అది కర్ణాటకమునకు రాష్ట్రపక్షి, తెలంగాణమునకును అదియే. ఆంధ్రప్రదేశమునకు కూడ అదియే యుండెడిది; 2018లో ఆ రాష్ట్రము రామచిలుకను ఎన్నుకొన్నది. "మన జామకాయలు దొంగిలించే చిలకనా?" అని మనుమడు ఆశ్చర్యపడెను. పాలపిట్ట మాత్రము ఈ ప్రభుత్వోత్తరువుల నెఱుగక మా కరెంటు తీగపై కూర్చుండి, పొట్టుపై మిడుత కదలినంతనే నీలపు రెక్కలు విప్పి దిగుచున్నది.

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదన్న సామెత కన్నడమునను కలదు. "హిత్తల గిడ మద్దల్ల" యందురు. రెండు భాషలవారును కలిసి ఒక్క పొరపాటే చేసినారన్నమాట. మా కరివేపచెట్టును చూచినపుడెల్ల ఆ సామెత గుర్తునకు వచ్చును. ఒక యేడు దాని లేతాకులపై పిట్టరెట్టవలె నలుపు తెలుపుల మచ్చలు కనబడినవి. తుడువబోగా అవి కదలినవి. పురుగులు! రెట్టను ఏ పిట్టయు ముట్టదన్న ధైర్యముతో ఆ పురుగు చిన్ననాట ఆ వేషము ధరించును. నాలుగు మారులు చర్మము విడిచిన పిమ్మట పచ్చనిదై ఆకులలో ఆకువలె నుండును. పుల్లతో తాకినచో తల వెనుకనుండి ఎర్రని మెత్తని కొమ్ములు రెండు వెలికి వచ్చి ఘాటైన వాసన విసరును. మా మనుమడు ఆ కొమ్ములను చూచుటకై బడి మానిన దినము కూడ కలదు. అవి తిన్న ఆకు మాకు నాలుగు పోపులకు వచ్చెడిది. దానికి మారుగా నిమ్మచెట్టు మీదుగా తిరుగు పసుపు నలుపుల సీతాకోకచిలుకలు మిగిలినవి. ఇది లాభమా నష్టమా యని లెక్క వేయువారు వేసికొందురుగాక.

వసారాలో బట్టలారవేయు తీగకు తేనెపిట్ట గూడు కట్టినపుడు మేము రెండు నెలలు బట్టలను మిద్దెపై ఆరవేసికొంటిమి. సంచివలె వ్రేలాడు గూడు. సాలెపట్టుతో నారను, ఎండుటాకును కలిపి అల్లినది. వాకిలిపై చిన్న చూరు కూడ కలదు. కట్టినదంతయు ఆడుపిట్టయే. మగపిట్ట మునగపూలపై మెఱయుచు పాడుచుండెను. దీనిని గూర్చి మా యింటి స్త్రీలు చేసిన వ్యాఖ్యలను ఇక్కడ వ్రాయము. కొండమీది కోతుల సంగతిని కూడ వ్రాయము. వ్రాసిన ఈ సంచిక చాలదు.

ఇక జామ. అది మా పెరటికి పట్టమహిషి. నాటిన నాలుగవ యేటనుండి కాయుచున్నది. 2022లో మా వైపు వానలు విరివిగా కురిసి, ఏండ్ల తరబడి ఎండిన చెరువులు నిండినవి. ఆ చలికాలమున కొమ్మలు నేలకు వంగునట్లు కాచెను. పండుటకు సిద్ధముగా నున్న కాయలను ఒకనాడు లెక్కించితిమి: 163. పక్షము దినములలో మా చేతికి వచ్చినవి 41. పగలు చిలుకలు, పికిలిపిట్టలు, ఉడుతలు, రాత్రి గబ్బిలములు. చిలుక యెడల మాకు ప్రత్యేకించి కోపము. అది ఒక్క కాయను కూడ ముగింపదు, ఒక కొఱుకు కొఱికి పారవైచి మఱొకదానికి పోవును. నేలపై దంతక్షతములతో దొర్లుచున్న కాయలను ఏరుచు, ఆ యేడు మేము నిజముగనే కుపితులమైతిమి. అంగడికి పోయి నైలాను వల తెచ్చితిమి.

మా తల్లిగారు గడపలో కూర్చుండి చూచుచు, "యాలప్పా ఈ వల? పై కొమ్మలు వాళ్లవి, కింది కొమ్మలు మనవి. అట్ల పంచుకుంటే సరిపోదా?" అనిరి. వారి పుట్టినూరు చిలమత్తూరు ప్రాంతమున. వీరాపురము అచటనే కలదు. ఏటేట ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఆ యూరి నడుమనున్న చింతచెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచును. చెట్టు క్రింద రెట్టల వాసన, జారిపడిన చేపల వాసన. అయినను ఊరివారు వానిని తఱుమరు. తమ చిన్నతనమున కొంగలున్నన్నాళ్లు ఆ చెట్లపై రాయి విసరిన పిల్లవానికి ఇంట అన్నము పెట్టెడివారు కారని మా తల్లిగారు చెప్పిరి. మన రాష్ట్రమున మద్దూరు తాలూకా కొక్కరె బెళ్లూరు కూడ ఇట్టిదే. అక్కడ గూళ్లున్న చింతచెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారమిచ్చు పద్ధతి పెట్టినది. "మన జామకు పరిహార మెవరిచ్చుదురు?" అని మేము ఎదురు వాదించితిమి. వారు మాట్లాడలేదు. వల కట్టితిమి. చెట్టు నిలువెల్ల కప్పి, అడుగున మిగిలిన రెండు మూరల వలను కత్తిరింప బద్ధకించి నేలపై కుప్పగా వదలితిమి.

మూడు వారములు మా గర్వమునకు మేర లేదు. పండిన జామ మచ్చ లేక చేతికి వచ్చెను. బుట్టలు నింపి వీధిలో పంచితిమి. పికిలిపిట్టలు వల మీద కూర్చుండి లోనికి చూచుచుండగా కిటికీనుండి మేము నవ్వుకొంటిమి.

2023 జనవరి మొదటి వారము. మంచు పడిన యుదయము. నీళ్లు పోయ పోగా వల కుప్పలో పసుపుగోధుమ వన్నె త్రాడొకటి చిక్కుకొని యున్నట్లు తోచెను. దగ్గఱకు పోగా త్రాడు ఊపిరి తీసెను.

జెర్రిపోతు. కన్నడమున కేరె హావు అందురు. అయిదడుగులకు మించి యుండును. మా రాళ్లగుట్టలో అది కొన్నేండ్లుగా కాపురమున్న సంగతి మేమెఱుగుదుము. మధ్యాహ్నవేళ అనపపందిరి క్రింద జరజర పోవుచుండ చూచి మేము ప్రక్కకు తొలగెడివారము, అదియు తొలగెడిది. నాగుపాముతో జత కట్టుననియు, తోకతో కొట్టిన చోట కుళ్లుననియు జనులు చెప్పుకొందురు, రెండును కల్లలు. దానికి విషము లేదు. ఎలుకలను, కప్పలను తిని బ్రతుకును. ముందునాడే అది ఎలుక జాడ పట్టి వచ్చి వల కన్నులలో తల దూర్చియుండును. ముందునకు పోవుటకు కన్ను చాలదు. వెనుకకు తీయుటకు పొలుసులు అడ్డము. పెనగిన కొలది సన్నని దారము ఒడలిలోనికి దిగి కోసినది. నాలుగు చోట్ల మాంసము కనబడుచుండెను.

పొరుగింటి రైతు గోనెసంచి దాని తలపై కప్పి మెల్లగా పట్టుకొనగా, మేము చిన్న కత్తెరతో ఒక్కొక్క దారమే కత్తిరించితిమి. ముప్పావు గంట పట్టెను. ఆ సేపంతయు అది ఒక్కసారియైనను కఱవబోలేదు. విడిపించి అరటిబోదెల నీడలో వదలితిమి. రెండు మూరలు ప్రాకి ఆగెను. సాయంకాలమునకు చీమలు చేరినవి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడు ప్రాణి యది. తెలిసి చేసినది కాదు. అయినను వల కట్టిన చేతులు మావే. మా తల్లిగారు వల మాట యెత్తలేదు. ఎత్తియున్న బాగుండెడిది. గుమ్మడిపాదు ప్రక్కన గోయి త్రవ్వి పూడ్చితిమి. వారొక చెంబు నీళ్లు దానిపై పోసి, "నాగులచవితికి నాగప్పకు పాలు పోస్తామే. గింజ కాపాడే దీనికి ఎవురు పోస్తారు?" అని లోనికి పోయిరి. పాము పాలు త్రాగు ప్రాణి కాదన్నది వేరు సంగతి. ఆ సాయంకాలమే వలను విప్పితిమి. వారము దినములలో మిగిలిన జామ అంతయు పోయెను. ఎవరును ఏమియు అనలేదు.

ఆ వేసవి ముగియకముందే ఎలుకలు హెచ్చినవి. మొదట గెనుసుగడ్డ. ఆకు పచ్చగా నవనవలాడుచుండగా నమ్మి యుంటిమి; త్రవ్వి చూడగా తోలు మాత్రము మిగిలినది. తరువాత పిల్లల ముచ్చటకై వేసిన చెనిక్కాయ సాలు. ఆ తరువాత విత్తనముల యర. మా తల్లిగారు ముప్పదియేండ్లుగా తీసి దాచుచు వచ్చిన అనపవిత్తనములు, పుట్టింటినుండి తెచ్చుకొన్న తెల్లవంగ గింజలు బూడిద కలిపి కుండలలో ఉండెడివి. గుడ్డ కొఱికి ఎలుకలు వానిని కూడ చేరినవి. అనప గింజలు పిడికెడు మిగిలినవి. వంగ మిగులలేదు. ఆడు ఎలుక మూడు వారములకే ఈనును; రెండు మూడు నెలలలో దాని బిడ్డలు కూడ ఈనును. ఈ లెక్కను ఒకే ఒక జెర్రిపోతు మా కొరకు ఇన్నాళ్లు సరిచూచుచున్నదని మాకు తోచుటకు వంగవిత్తనములు పోవలసివచ్చెను.

విషము పెట్టుమని పలువురు చెప్పిరి. పొట్లము తెచ్చితిమి కూడ. కాని మా ప్రక్క వేపచెట్టు తొఱ్ఱలో పైడికంటి జంట కాపురమున్నది. చిన్న గుడ్లగూబలు, మునిమాపున మా గోడపై కూర్చుండి తల పూర్తిగా వెనుకకు త్రిప్పి మనుష్యులను పరిహసించునట్లు చూచును. ఇప్పుడు అంగళ్లలో దొరకు విషములలో పెక్కింటిని తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని దినములు మత్తుగా తిరుగును. తేలికగా చిక్కు ఆ ఎలుకను పట్టిన గూబకును, పిల్లికిని ఆ విషము పాలు పంచబడును. ఒక పాలివానిని పోగొట్టుకొన్నవారము, పొట్లమును తిరిగి ఇచ్చివేసి ఇనుప బోనులు రెండు కొంటిమి. పడినవానిని ఊరి వెలుపల గుట్ట వద్ద విడిచి వచ్చుచుండగా, "సార్, మీరు బస్టాండు చేరేలోపల అవి ఇల్లు చేరుంటాయి" అని టీ అంగడివాడు పరిహసించెను. ఒక నెలలో పందొమ్మిది.

శ్రావణమాసమున ఒక మునిమాపు మనుమడు బట్టలుదుకు బండవద్దకు బంతి కొరకు పోయి, కదలక నిలిచిపోయెను. బండ మూల నాగుపాము పడగ యెత్తి యుండెను. వానికి అయిదడుగుల దూరము. పెద్దవ్వ వసారానుండి, "కదల్దప్పా, అట్లే నిలబడు" అని ఒక్క మాట అని, తమ చేతికఱ్ఱతో బిందెను ప్రక్కకు దొరలించిరి. పాము ఆ చప్పుడు వైపు తిరిగెను. బాలుడు వెనుకకు వచ్చెను. మన దేశమున 2000 నుండి 2019 వఱకు ఇరువది సంవత్సరములలో సుమారు పండ్రెండు లక్షలమంది పాముకాటుచే మరణించిరని పరిశోధకులు గణించిరి. ఆ సంఖ్యను మేము ఆ రాత్రి చదివితిమి. చదువకుండిన నిదుర పట్టియుండెడిదేమో.

పాములు పట్టు యువకుడు వచ్చి నాగుపామును సంచిలోనికి తీసికొని, ఇల్లంతయు పరికించి, ఎలుక బొరియలు చూపి, "ఇవి ఉన్నన్నినాళ్లు అది వస్తానే ఉంటుంది సార్. జెర్రిపోతు లేదా మీ దగ్గర?" అని అడిగెను. మేము జరిగినది చెప్పితిమి. వల కట్టువారు అడుగంచును నేలనుండి మూరెడు ఎత్తున బిగించి కట్టవలెననియు, కుప్పగా వదలరాదనియు అతడు చెప్పెను. చాల ప్రాణులు ఆ కుప్పలోనే చిక్కునట. బొరియలు మూయించితిమి. చెనిక్కాయ పొట్టును ఇంటి గోడకు మూడు గజముల దూరము జరిపితిమి. రాళ్లగుట్టను తీయించవలెనని తొలుత అనుకొంటిమి; పెరటి మూలకు మార్చి ఉంచితిమి.

ఆ యేడు వాన మొగము చాటు చేసెను. 2023లో కర్ణాటకమునందలి 236 తాలూకాలలో 223 కరవు తాలూకాలుగా ప్రకటింపబడినవి. 2024 వేసవికి మా బోరు అరగంటకు మించి నీరీయదయ్యెను. పదునెనిమిది బిందెలు తొమ్మిదియైనవి, తొమ్మిది ఆరైనవి. ట్యాంకరు నీరు కొని తోటకూర పెంచుట పాపమని తోచి ఆకుమడులను ఎండనిచ్చితిమి. అరటి పడిపోయెను. బొప్పాయి మోడైనది. జామ, మునగ, కరివేప ఈ మూడింటిని మాత్రము నిలుపుకొంటిమి. గుమ్మడితీగ ఒకటి స్నానపు నీటి కాలువను పట్టుకొని ప్రాకి పూచెను. కాని తెల్లవారుజామున విచ్చు ఆ పూలకు ఒక్క తేనెటీగ రాలేదు. మేమే మగపూవు కోసి, రేకులు వొలిచి, ఆడుపూవులో అద్ది రెండు కాయలు నిలిపితిమి. తేనెటీగ చేయు పని యెంత సున్నితమో చేసిన పిమ్మట తెలిసినది. అయిదు పూలలో మూడు మా చేతిలోనే విరిగినవి.

ఆ వేసవిలోనే ఇంట ఒక మాట వచ్చెను. మా తల్లిగారి పాత రుబ్బురోలు పెరటిలో కలదు; విద్యుత్ గ్రైండరు వచ్చిన పిమ్మట దానిని పిట్టలకు నీటితొట్టిగా వారు మార్చిరి. అందులోనికి దినమునకు ఒక బిందె. ఆరు బిందెలున్న యింట ఒక బిందె పిట్టల పాలగుట మాకు భారముగా తోచి, సగము పోయుదమని మేమంటిమి. వారు ఆనాడు తమ స్నానపు నీటిలో సగము తీసి రోటిలో పోసి, తడిగుడ్డతో ఒడలు తుడుచుకొనిరి. ఎనుబదియారేండ్లవారు. మఱునాటినుండి బిందె నిండుగనే పోసితిమి. మధ్యాహ్నము రెండు గంటల వేళ ఆ రోటి అంచున చిలుక, పికిలిపిట్ట, ఉడుత, చిన్న తేనెటీగలు వరుస తీరి యుండుట మేము చూచితిమి. తేనెటీగలు పూలకు రాకున్నను నీటికి వచ్చినవి. చిలుక మీది కోపము ఎప్పుడు పోయినదో గుర్తు లేదు.

జూను నుండి మరల వానలు పట్టినవి. మృగశిర కార్తెలో మిగిలిన పిడికెడు అనపగింజలను నాటితిమి, అన్నియు మొలిచినవి. జామ చలికాలమునకు కాచెను. ఈసారి వల లేదు. పాత చీరలను చించి మా తల్లిగారు జానెడు సంచులు కుట్టిపెట్టిరి. చేతికందు కొమ్మల కాయలకు, పండుటకు పది దినముల ముందు, ఆ సంచులు తొడిగి ముడివేయుదుము. నిచ్చెన వేసికొని పైకి పోము. పై కొమ్మలు వాళ్లవి. ఆ యేడు మాకు 58 కాయలు చిక్కినవి. రంగురంగుల చీరముక్కలతో చెట్టు జాతరలో బొమ్మవలె నుండుట చూచి వీధివారు నవ్విరి. మఱుసటి నెలలో ఇద్దరు సంచుల కొలత అడిగి తీసికొనిపోయిరి.

కార్తికమాసమున అనప పూత ఘుమఘుమలాడుచుండగా, ఒక ఆదివారము మనుమడు రాళ్లగుట్ట వైపునుండి కేకవేయుచు పరుగెత్తి వచ్చెను. మేము గుండె పట్టుకొని పోతిమి. రెండు రాళ్ల నడుమ కుబుసము. గాజుకాగితమువలె పలుచగా, కన్నుల మూతలతో సహా ఎక్కడను చిరుగక యున్నది. అతడు దర్జీ టేపు తెచ్చి కొలిచెను: అయిదడుగుల నాలుగు అంగుళములు. "కేరె హావు!" అని అతడనెను. "జెర్రిపోతు," అని పెద్దవ్వ అనిరి. దానిని పుస్తకములో పెట్టుకొందునని అతడు బతిమాలగా వారొప్పుకొనిరి. పిమ్మట గడపలో కూర్చుండి, రోటిలో ఇంకొక చెంబు నీళ్లు పోసిరమ్మని వానిని పంపిరి.